వెనక గది నుంచి ఊరేగింపు

భిలాయిలో మనిషి ఉద్యోగం విడిచి ఇంటికి రావడానికి మూడు దారులున్నాయి. అరవై నిండి రిటైరవడం ఒకటి. ఒంట్లో ఓపిక తగ్గో, నాలుగు డబ్బులు ఒక్కసారి వస్తాయనో ముందుగానే వీఆర్ఎస్ తీసుకోవడం రెండోది. టిఫిన్ డబ్బాలో రాగితీగ చుట్టుకుని గేటు దగ్గర దొరికిపోవడం మూడోది. ఈ మూడింటికీ ఊళ్ళో పేర్లున్నాయి, పద్ధతులున్నాయి, మూడోదానికైతే కథలు కూడా ఉన్నాయి. బలరాం గారి కొడుకు రాజేంద్ర ఉద్యోగం పోయిన తీరుకి మాత్రం ఇక్కడ పేరు లేదు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

రాజేంద్రకి నలభై ఏడేళ్ళు. తండ్రికి ఉక్కు ప్లాంటు వాళ్ళిచ్చిన సెక్టార్ క్వార్టర్లోనే పుట్టాడు. హైదరాబాదులో పదమూడేళ్ళు, పుణె కంపెనీలో పదేళ్ళు, మొత్తం ఇరవై మూడేళ్ళు సాఫ్ట్‌వేర్ పని చేశాడు. మధ్యలో ఒక్కసారే కంపెనీ మారాడు, అదీ ఏడాది దాకా తండ్రికి చెప్పకుండా. ఒక గేటులోంచి లోపలికి వెళ్ళినవాడు అదే గేటులోంచి బయటికి రావాలని బలరాం గారి సిద్ధాంతం. కరోనా రోజుల్లో భార్య అరుణజ్యోతినీ కూతుర్నీ వెంటబెట్టుకుని భిలాయి వచ్చేసి, తండ్రి రిటైరయ్యాక లీజుకి తీసుకున్న అదే క్వార్టర్ వెనక వరండాకి రేకులు వేయించి గది చేసి, ఆ గదిలోంచే పుణె ఉద్యోగం చేసుకుంటూ వచ్చాడు. బ్యాంకుల లావాదేవీలు నడిపే సాఫ్ట్‌వేర్ ఎక్కడ మొరాయించినా సరిచేయడం అతని పని.

ఒక రోజు మధ్యాహ్నం, అతను ఎన్నడూ చూడని ఓ అమ్మాయి వీడియో కాల్‌లో కనిపించి, కంపెనీ కొత్త రూపు తీసుకుంటోందనీ, ఆ రూపులో అతనికి చోటు లేదనీ తియ్యగా చెప్పింది. చివర్లో, "మీ ప్రయాణానికి మా శుభాకాంక్షలు" అంది. ఏ ప్రయాణమో రాజేంద్రకి బోధపడలేదు. అతను ఇంట్లోనే కూచుని ఉన్నాడు. అతను చెయ్యిపట్టి పని నేర్పిన ముగ్గురు కుర్రాళ్ళకి మాత్రం ఆ కొత్త రూపులో చోటు దొరికింది.

ఆ సాయంత్రమే భార్యతో చెప్పాడు. అరుణజ్యోతి సుపేలా దగ్గర ఓ ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. "సరే, నా జీతం ఉంది కదా, గాబరా పడకు. ఇంకోటి చూసుకో" అంది. తండ్రికి చెప్పడానికే నోరు రాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే కంపెనీ పంపిన కొరియర్ మనిషి వచ్చి లాప్‌టాప్, హెడ్‌ఫోను, మెళ్ళో వేసుకునే కార్డు అన్నీ అట్టపెట్టెలో సర్దుకుని సంతకం పెట్టించుకుని పోయాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని బలరాం ఇదంతా చూస్తున్నాడు. బ్లాస్ట్ ఫర్నేసులో ముప్పై ఆరేళ్ళు చేసి రిటైరైన మనిషి. తన చివరి రోజున హెల్మెట్టూ బూట్లూ గేటుపాసూ తనే స్వయంగా అప్పజెప్పి వచ్చాడు.

"ఏట్రా, సామానంతా అప్పజెప్పేసినావేటి?" అన్నాడు.

"అవును నాన్నా. కంపెనీ వాళ్ళు... ప్యాకేజీ ఇచ్చి..."

"వీఆర్ఎస్ ఏటి?"

రాజేంద్ర తండ్రి ముఖంలోకి చూశాడు. పేరు లేని సంగతికి తండ్రి తనంతట తనే ఓ పేరు తెచ్చి చేతిలో పెడుతున్నాడు. "అలాంటిదే" అన్నాడు.

"మంచిదే. పరువుగా వొచ్చినావు" అని బలరాం తల ఊపి, మళ్ళీ ఏమీ అడగలేదు.

అడగకపోవడమే మేలనుకుని రాజేంద్ర వెనక గదిలో తన పాత లాప్‌టాప్ తెరుచుకుని ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఇరవై మూడేళ్ళ అనుభవాన్ని రెండు పేజీల్లో కూర్చి నలుదిక్కులా పంపాడు. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఇచ్చినవాళ్ళు చాలా మర్యాదగా ఇచ్చారు. మీ అనుభవం మా అవసరానికి మించినది అన్నారు. మీ స్థాయికి తగిన పని మా దగ్గర లేదన్నారు. ఒకావిడ, "మాకు ఆకలి ఉన్నవాళ్ళు కావాలండీ" అంది. ఆ మాట విన్నాక రాజేంద్ర ఆ పూట అన్నం కూడా సరిగా తినలేకపోయాడు. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న సరుకు ఒక్కసారిగా చెల్లని నోటైపోయినట్టుంది అతనికి. కోపం వచ్చేది, సిగ్గు వేసేది, రెండూ ఎవరి మీదో తేలేది కాదు.

అప్పుడు శ్రీవిద్య సాయానికి వచ్చింది. ప్లాంటులో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరైన శ్యామసుందర్ గారి కూతురామె. బెంగళూరులో ఓ కంపెనీకి మనుషుల్ని ఏరి పెట్టే పని చేస్తోంది. చిన్నప్పుడు గణేశ్ పూజ పందిట్లో పరికిణీ కట్టుకుని రాజేంద్ర చేతులమీదుగా బహుమతి పుచ్చుకున్న పిల్ల. ఆ చనువుతో ఫోన్లో నిర్మొహమాటంగా చెప్పింది.

"అంకుల్, ముందు ఆ మొదటి పదమూడేళ్ళూ తీసేయండి."

"తీసేస్తే ఎలాగమ్మా? నేను పని నేర్చుకున్నదే అప్పుడు."

"నేర్చుకున్నది మీ దగ్గరే ఉంటుంది కదా అంకుల్, కాగితం మీదే ఉండదు. డిగ్రీ ఏ ఏడు పాసయ్యారో కూడా రాయొద్దు. జుట్టుకి రంగు వేస్తున్నారా?"

"వేస్తున్నాను."

"మీసం?"

"మీసానికీ వేస్తాను."

"రంగు కాదు అంకుల్, మీసమే వద్దు. మీసంతో మీరు అచ్చం మా నాన్నగారి బ్యాచ్‌లా ఉన్నారు. ఇంకో మాట. అక్కడ ఎవరూ ఎవరికీ అంకుల్ కాదు. అందరూ పేర్లే. నేను కూడా ఆఫీసు కాల్స్‌లో మిమ్మల్ని రాజేంద్ర అనే అంటాను, ఏమీ అనుకోకండేం."

రాజేంద్ర ఏమీ అనుకోలేదు. మొదటి పదమూడేళ్ళూ కోసేసి, మీసం గీసేసి స్నానాల గదిలోంచి బయటికొచ్చాడు. తల్లి సింహాచలమ్మ చేతిలో చాట కింద పడేసింది.

"ఓలమ్మో! తండ్రి బతికుండగా మీసం తీసేస్తారేట్రా ఎవులైనా? ఇదేం అపశకునంరా నాయనా!"

పక్క గదిలో టీవీ చూస్తున్న బలరాం తల తిప్పి కొడుకు ఖాళీ పెదవిని చాలాసేపు చూశాడు. "నేనింకా ఉన్నాను గదరా" అని మాత్రం అని, మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. ఊళ్ళో తండ్రి పోయినవాళ్ళే మీసం తీయించుకుంటారు మరి. ఆ వారంలో ఇద్దరు ముగ్గురు రాజేంద్రని దారిలో ఆపి, బలరాం గారికి ఎలా ఉందని భయం భయంగా అడిగారు.

ఇంత అపశకునం జరిగినా మీసం తీయడం వృథా పోలేదు. పదేళ్ళ అనుభవమూ నున్నటి మూతీ గల కొత్త రాజేంద్రకి శ్రీవిద్య కంపెనీలో ఒకటి తర్వాత ఒకటి పరీక్షలు జరిగాయి. సాంకేతిక పరీక్షలో అడిగినవన్నీ అతను నిద్రలో లేపినా చెప్పగలిగినవే. టీమును నడిపే కౌండిన్య అనే కుర్రాడికి అతని పని తెగ నచ్చింది. "దాదాపు అయిపోయినట్టే అంకుల్" అని శ్రీవిద్య ఫోన్ చేసింది. "సోమవారం కౌండిన్య మీతో ఓసారి మాట్లాడతాడు. లాంఛనమే. ఇంకో సంగతి, అతనూ మన భిలాయి అబ్బాయే, సెక్టార్ టెన్‌లో పెరిగాడు. మీకు ముప్పై అయిదూ ముప్పై ఆరూ ఉంటాయనుకుంటున్నాడు. అలాగే అనుకోనివ్వండి."

ఆ రోజు రాజేంద్ర చాలా కాలానికి కూనిరాగం తీస్తూ సైకిలెక్కి కూరలకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు ఎనిమిది మంది రిటైర్డు కార్మికులు కుర్చీలు వేసుకుని సభ తీర్చి ఉన్నారు. మధ్యలో బలరాం.

"వొచ్చినాడు మనోడు" అన్నాడు బలరాం. "ఒరే, శనివారం నీ విదాయీ."

రాజేంద్ర చేతిలో సంచీ జారింది.

విదాయీ అంటే భిలాయిలో ఆషామాషీ వ్యవహారం కాదు. రిటైరైనవాణ్ణి గేటు దగ్గర దండలతో ముంచి, తెరిచిన జీపులో నిలబెట్టి, డప్పుల మోతతో ఇంటి దాకా ఊరేగిస్తారు. భార్య గానీ తల్లి గానీ కాళ్ళు కడిగి హారతిచ్చి లోపలికి తీసుకెళ్తుంది. శాలువా, కొబ్బరికాయ, గోడ గడియారం ఇస్తారు. ఎవరో ఒక పెద్ద ఆఫీసరు వచ్చి నాలుగు మంచి మాటలు చెబుతారు. బలరాం గారి విదాయీ ఫొటో ఇప్పటికీ ముందు గదిలో దేవుడి పటాల పక్కనే ఉంది. ఆ ఫొటోకి కారణం లేకపోలేదు. ఆ రోజు జీపు మీద దండల్లో మునిగి వస్తున్న బలరాంని రోడ్డు పక్కనుంచి చూసిన, పక్కనే ఉన్న జాముల్ ఊరి కాంట్రాక్టరొకడు, ముప్పై ఆరేళ్ళు ఫర్నేసు దగ్గర నిలబడ్డ మనిషా అని ఆరా తీసి, మర్నాడే ఇంటికొచ్చి సిమెంటు ఫ్యాక్టరీ పనిలో సూపర్‌వైజరుగా పెట్టుకున్నాడు. బలరాం ఇంకో ఆరేళ్ళు అక్కడ చేశాడు. ఈ కథ ఆయన చెప్పని మనిషి సెక్టార్లో లేడు.

"నాన్నా, నేను సామాన్లిచ్చి నాలుగు నెలలైంది. ఇప్పుడు విదాయీ ఏమిటి?"

"ఆషాఢంలో సేస్తారేటి? తరవాత గణేశ్ పూజలొచ్చినాయి, తరవాత దసరా. ధుమాల్ డప్పుల పార్టీవోళ్ళు ఇప్పటిదాకా ఖాళీ లేరు."

"నాకొద్దు నాన్నా."

బలరాం చిన్ననాటి స్నేహితుడు రమాకాంత్ కల్పించుకున్నాడు. ఆయనది రోలింగ్ మిల్లు. "అరే బేటా, వద్దంటే ఎలాగ? విదాయీ లేకుండా ఇంటికొచ్చినోణ్ణి ఏమనుకుంటారు లోకులు? చోరీ కేసేమో అనుకుంటారు. అప్పుడే మీ వీధి చివర ఒకాయన అడిగేసినాడు, లడకా ఏం పట్టుకొచ్చేసినాడు కంపెనీలోంచి, అని."

పుణె కంపెనీలోంచి తను ఇంటికి పట్టుకు రాగలిగింది నడుంనొప్పి ఒక్కటే అని చెబుదామనుకున్నాడు రాజేంద్ర. ఈలోగా సభ అసలు సమస్యలో పడిపోయింది. విదాయీ అంటే పని చేసిన చోటి నుంచి ఇంటికి తీసుకురావాలి. ఇతను పని చేసింది ఇంట్లోనే. మరి ఎక్కడి నుంచి ఎక్కడికి ఊరేగించాలి? పుణె దాకా వెళ్ళి తీసుకురాలేరు కదా. ఎవరో దుర్గ్ స్టేషన్ నుంచి తెద్దామన్నారు. అది అబద్ధం అవుతుందని బలరాం ఒప్పుకోలేదు. ఆఖరికి రమాకాంత్ తీర్పు చెప్పాడు. ఆఫీసు వెనక గది, ఇల్లు ముందు గది. కాబట్టి పెరటి తలుపులోంచి బయటికి తీసుకొచ్చి, సెక్టార్ చౌక్ చుట్టూ తిప్పి, వీధి గుమ్మంలోంచి లోపలికి తేవాలి. అందరూ చప్పట్లు చరిచి బాగుందన్నారు.

రాజేంద్ర లోపలికి వెళ్ళి భార్యతో మొరపెట్టుకున్నాడు. "సోమవారం ఆఖరి ఇంటర్వ్యూ. శనివారం రిటైర్మెంటు. ఇదేం న్యాయం?"

"మామయ్యతో చెప్పెయ్యి. ఉద్యోగం వెతుక్కుంటున్నానని."

"ఏమని చెప్పను? వీఆర్ఎస్ కాదు, తీసేశారు అనా? అంతమంది ముందు నా పరువు పోయినా ఫరవాలేదు, ఆయనది పోకూడదు."

అరుణజ్యోతి నిట్టూర్చింది. "అయితే ఒక్క సాయంత్రం ఓర్చుకో. బెంగళూరు వాళ్ళకి మన సెక్టార్లో సంగతి ఎలా తెలుస్తుంది?"

లెక్కల టీచరు వేసిన లెక్కే కదా అని రాజేంద్ర ధైర్యపడ్డాడు.

శనివారం సాయంత్రం పెరటి తలుపు దగ్గర, బట్టలారేసే తీగ కింద నుంచి ఒంగుని రాజేంద్ర ఆఫీసు విడిచి బయటికి వచ్చాడు. ధుమాల్ వాళ్ళు ఒక్కసారిగా డప్పులందుకున్నారు. పక్క క్వార్టర్ మామిడిచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. జీపు ముందు ఫ్లెక్సీ కట్టి ఉంది. సేవా నివృత్తి శుభాకాంక్షలని హిందీలో పైన, బలరాం గారి సుపుత్రుడని కింద. మధ్యలో మీసంతో ఉన్న పాత ఫొటో. ఆ ఫొటో కంటే పెద్దగా, ఎర్రటి అంకెల్లో ఇరవై మూడు. చౌక్ అవతలి సందులోంచి చూసినా కనబడేంత అంకె.

"ఇంత పెద్దగా ఎందుకు నాన్నా?" అన్నాడు డప్పుల మోతలో.

"కనబడాలి గదా!" అని బలరాం జీపు పక్కన తలపాగాతో నడవసాగాడు.

జీపు చౌక్ చుట్టూ తిరిగింది. టీకొట్టు దగ్గర బెంచీ మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. మనిషికీ మనిషికీ మధ్య, "ఇంత చిన్న వయసులోనే రిటైరయ్యాడట, ఎంత అదృష్టం" అన్న మాట పాకింది. రాజేంద్ర దండల్లోంచి నమస్కారాలు పెట్టాడు. బయల్దేరిన చోటికి ముప్పై అడుగుల దూరంలో ఉన్న వీధి గుమ్మం దగ్గర జీపు ఆగింది. సింహాచలమ్మ ఇత్తడి పళ్ళెంలో కొడుకు కాళ్ళు పెట్టించి కడిగి, కళ్ళొత్తుకుంటూ హారతిచ్చింది.

ముఖ్య అతిథి శ్యామసుందర్ గారు. శ్రీవిద్య తండ్రి. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నది చూడగానే రాజేంద్ర దండలు ముఖం మీదికి లాక్కున్నాడు. కూతురు తనకి చేస్తున్న సాయం గురించి ఆయనకి తెలియదు. ఆయన నిష్కళంక సేవ అన్నారు, నేటి యువతకి ఆదర్శం అన్నారు. శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టారు. అన్నీ అయ్యాక ఆనవాయితీ ప్రకారం రిటైరైన వ్యక్తి రెండు మాటలు చెప్పాలి.

రాజేంద్ర మైకు పట్టుకుని, తొందరగా ముగించేద్దామని, "నేను ఇరవై మూడేళ్ళు..." అన్నాడు. అంతే, చప్పట్లు. నాలుగు నెలలుగా ఆ అంకెని తప్పు చేసినవాడిలా దాచుకుంటూ వస్తున్నాడు. ఇక్కడ జనం దానికి చప్పట్లు కొడుతున్నారు. "మొదటి పదమూడేళ్ళూ హైదరాబాదులో" అన్నాడు, కావాలనే. మళ్ళీ చప్పట్లు. ఇక ఆగలేకపోయాడు. తను మొట్టమొదట సాఫ్ట్‌వేర్ చేసిపెట్టిన బ్యాంకు సంగతి చెప్పాడు. ఓ పల్లెటూరి శాఖలో కంప్యూటరు పెడితే, దాన్ని ఆన్ చెయ్యకముందే మేనేజరు దానికి పసుపు రాసి దాని నెత్తినే కొబ్బరికాయ కొట్టబోయిన సంగతి, తను అడ్డం పడితే ఆ కాయ తన వేలికి తగిలిన సంగతి. వంకర తిరిగిన వేలు ఎత్తి చూపించాడు. జనం పడీ పడీ నవ్వారు. ఆ వేలూ ఆ బ్యాంకూ ఆ పదమూడేళ్ళూ ఏ రెండు పేజీల్లోంచి తీసేశాడో గుర్తొచ్చి రాజేంద్రకి ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చేశాడు. రిటైరైనవాళ్ళు ఏడవడం మామూలే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ రాత్రి భోజనాల్లో పప్పూ పూరీ బాగా కుదిరాయని అందరూ చెప్పుకున్నారు.

సోమవారం పొద్దున్న నీలం చొక్కా వేసుకుని, మూతి ఇంకోసారి గీసుకుని, శాలువా కనబడకుండా బీరువాలో పెట్టి, వెనక గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. తెర మీద కౌండిన్య ప్రత్యక్షమయ్యాడు. పిల్లాడి ముఖం నిండా నవ్వు.

"నమస్తే అంకుల్!" అన్నాడు.

ఆ ఒక్క మాటతో రాజేంద్రకి తెలిసిపోయింది. అక్కడ ఎవరూ ఎవరికీ అంకుల్ కాదని శ్రీవిద్య చెప్పింది కదా.

"శ్యామసుందర్ అంకుల్ ఆఫీసర్ల గ్రూపులో మీ వీడియో పెట్టారు. మా నాన్న నాకు పంపించారు. ధుమాల్, జీపు, మీ అమ్మగారి హారతి... కళ్ళలో నీళ్ళు తిరిగాయి అంకుల్. మా నాన్న విదాయీకి నాకు సెలవు దొరకలేదు. మీది చూశాక అది చూసినట్టే అనిపించింది."

"అది మా నాన్నగారి సరదా బాబూ. నేను రిటైరవ్వలేదు. పని చెయ్యడానికే ఉన్నాను."

"అయ్యో, మీలాంటి పెద్దవాళ్ళకి నేను పని చెప్పడమా? ఇది ఇంకా ఎందుకవలేదు అని పొద్దున్నే మీకు మెసేజి పెట్టగలనా? మా నాన్న వింటే చెప్పుచ్చుకుంటారు. టెక్నికల్ రౌండులో మీరే అందరికంటే బాగా చేశారు, అది వేరే సంగతి. కానీ మా టీములో అందరూ పాతికేళ్ళ వాళ్ళే అంకుల్. మిమ్మల్ని చూస్తే లేచి నిలబడతారు. పనెవరు చేస్తారు?"

పుణె అమ్మాయి తియ్యదనాన్ని తిట్టుకోవచ్చు. ఈ అబ్బాయి కళ్ళలో నిజంగానే గౌరవం ఉంది. తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

"ఒక్క రిక్వెస్ట్" అన్నాడు కౌండిన్య. "శుక్రవారం మా వాళ్ళకి గంటసేపు ఆన్‌లైన్‌లో మాట్లాడాలి మీరు. ఇరవై మూడేళ్ళ అనుభవం మీద. ఆ కొబ్బరికాయ కథ తప్పకుండా చెప్పాలి. మెమెంటో కొరియర్లో పంపిస్తాం."

రాజేంద్ర సరేనన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు. శాలువాలు కప్పడానికి అందరూ ముందుకొస్తున్నారు, కుర్చీ వేసేవాడే లేడనుకున్నాడు. లాప్‌టాప్ మూసేశాడు. తర్వాత కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో స్పష్టంగా తెలిసింది. సాయంత్రం చెప్పులేసుకుని, అంతా చెప్పేయాలని తండ్రి దగ్గరికి బయల్దేరాడు.

బలరాం చౌక్ దగ్గర టీకొట్టు బెంచీ మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మిగతావాళ్ళు ఇంకా రాలేదు. కొడుకుని చూసి పక్కకి జరిగాడు.

"నాన్నా, నీకొకటి చెప్పాలి. నేను వీఆర్ఎస్ తీసుకోలేదు. నన్ను తీసేశారు."

బలరాం టీ ఊదుకున్నాడు. "తెలుసురా" అన్నాడు.

"తెలుసా?"

"కొరియరోడు సామాను పట్టుకెల్లినప్పుడే నీ మొకం సూసినాను. రిటైరైనోడి మొకం అలాగుంటాదేటి? మీసం తీసేసినప్పుడు ఇంకా రూఢీ అయ్యింది. పని మానుకున్నోడు ఎవుడైనా మీసం తీసుకుంటాడేట్రా? పని కోసం తిరిగేవోడే తీసుకుంటాడు."

"మరి తెలిసి కూడా ఆ ఊరేగింపెందుకు పెట్టావు?"

"నీకు పని దొరకాలనే" అన్నాడు బలరాం, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "ఆషాఢం, దసరా అన్నీ వొట్టి మాటలు. నీ అంతట నీకు దొరుకుతాదేమోనని నాలుగు నెల్లు సూసినాను. నువ్వా గదిలో తలుపేసుకుని కూకున్నావు. ఇన్నేళ్ళు పని సేసినోడివని ఎవులికి తెలుస్తాది? నన్ను జాముల్ కాంట్రాక్టరు ఎలా పిలిసినాడు? జీపు మీద సూసే గదా? అనుభవం ఉన్నోడు కనబడితే ఎవుడూ ఒదులుకోడురా. అందుకే ఆ ఇరవై మూడు అంత పెద్దగా రాయించినాను. ఫ్లెక్సీవోడు వొద్దు, బాగోదు అన్నాడు. నేనే రాయమన్నాను. శ్యామసుందర్ గారికి పెద్ద పెద్ద గ్రూపులున్నాయి గదా, వీడియో అందరికీ పంపండి బాబూ అని నేనే బతిమాలినాను."

దారంతా పేర్చుకుంటూ వచ్చిన మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. ఆ ఎర్రటి అంకె ఎంత ప్రేమతో, ఎంత తెలివితో రాయించాడో ఈ మనిషి. ఆ తెలివి ఒక్క జాముల్ దాకానే చెల్లుతుందని ఇప్పుడు ఎవరు చెబుతారు? తండ్రి మీద జాలీ ప్రేమా ఒక్కసారే పొంగాయి రాజేంద్రకి.

బలరాం గ్లాసు పక్కన పెట్టి, కొంచెం దగ్గరికి జరిగి, ఆశగా అడిగాడు. "ఎవులైనా ఫోను సేసినారేటి?"

"చేశారు నాన్నా" అన్నాడు రాజేంద్ర. "బెంగళూరు నుంచి. వీడియో చూసే చేశారు."

"నిజంగానే?" బలరాం తొడ చరిచి లేచి నిలబడ్డాడు. రోడ్డు దాటుతున్న రమాకాంత్‌ని, వెనకొస్తున్న మరో ముగ్గుర్ని చూసి చెయ్యెత్తి కేక పెట్టాడు. "ఒరే రమాకాంత్! సెప్పినాను కాదేట్రా! రెండ్రోజులు తిరక్కుండా బెంగళూరోళ్ళు ఫోను సేసేసినారు! ఇరవై మూడేళ్ళ సర్వీసంటే మాటలేటి!"

"క్యా బాత్ హై!" అంటూ రమాకాంత్ పరుగులాంటి నడకతో వచ్చి రాజేంద్రని కౌగిలించుకున్నాడు. టీకొట్టువాణ్ణి అందరికీ స్పెషల్ చాయ్ పెట్టమన్నాడు. నలుగురూ బెంచీ మీద ఇరుకుగా సర్దుకుని అతనికి మధ్యలో చోటిచ్చారు. బలరాం కొడుకు భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఆయన ముఖం జీపు మీద ఊరేగిన నాటి ఫొటోలోలాగే వెలిగిపోతోంది.

"ఎప్పట్నుంచి బేటా?" అన్నాడు రమాకాంత్.

రాజేంద్ర టీగ్లాసు అందుకున్నాడు.

"శుక్రవారం" అన్నాడు.